నలభై ఒకటో పరీక్ష

అచ్యుతం మాస్టారిని ప్రశ్న అడగడమంటే పని నెత్తికెత్తుకోవడమే. ఆ సంగతి ఆఫీసులో పద్దెనిమిది మందికీ తెలుసు. ముప్పై ఏళ్లు ఒక పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఈ ఉద్యోగంలో చేరిన మనిషి ఆయన. ఎవరేం అడిగినా వెంటనే జవాబివ్వరు. కాసేపు కిటికీలోంచి రోడ్డు వంక చూసి, అడిగినవాళ్లకే ఏదో ఒక చిన్న పని పురమాయిస్తారు. ఆ పని పూర్తయ్యేసరికి ప్రశ్న మిగలదు. ఒక్కోసారి అడిగినవాళ్ల ధీమా కూడా మిగలదు.

కాకినాడలో ఆ మూడో అంతస్తులో తయారయ్యేది ఒక బ్రౌజర్. ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా వెబ్ పేజీని తెరిచి చూపించేది అదే. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి తయారుచేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. కంపెనీలు వేరైనా అందరూ పాటించాల్సిన నిబంధనల పత్రం ఒక్కటే. ఎవరి ఫోన్‌లో తెరిచినా పేజీ ఒకేలా కనబడాలని దాని ఉద్దేశం. కొత్త నిబంధన వచ్చినప్పుడల్లా ఎవరికి వాళ్లు దాన్ని తమ బ్రౌజర్‌లో అమర్చుకుంటారు. అమర్చింది సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి పరీక్షలు రాసుకుంటారు. పరీక్ష అంటే ఒక చిన్న పేజీ. బ్రౌజర్ దాన్ని చూపించవలసినట్టు చూపిస్తే పచ్చ గుర్తు పడుతుంది, లేకపోతే ఎర్ర గుర్తు. ఏ కంపెనీ వాళ్లైనా తమ పరీక్షలను తెచ్చి పెట్టగలిగే ఉమ్మడి చోటు ఒకటుంది. అక్కడ ఉన్నవాటిని అందరూ రోజూ తమ బ్రౌజర్ల మీద నడిపి చూసుకుంటారు. ఆఫీసులో దాన్ని వీధి పెట్టె అంటారు. బయటికివ్వకుండా తమ దగ్గరే ఉంచుకునేవి ఇంటి పెట్టెలో ఉంటాయి. ఏ పరీక్ష ఎప్పుడు వీధిలోకి వెళ్లాలన్నది రాసినవాళ్ల ఇష్టానికే వదిలేశారు.

ఇందీవర అక్కడ చేరి రెండేళ్లయింది. ఈసారి వచ్చిన కొత్త నిబంధన ఆమె చేతికి వచ్చింది. చూడటానికి చాలా చిన్నది. పొడుగాటి రాతను ఇరుకు గడిలో పెట్టాల్సి వచ్చినప్పుడు, పేజీ తయారుచేసినవాళ్లు చెప్పినన్ని వరసలే చూపించాలి. మిగతాది దాచి, ఇంకా ఉందని తెలిసేలా చివర మూడు చుక్కలు పెట్టాలి. అంతే. కానీ చివరి వరస అంచుదాకా నిండిపోయి, చుక్కలకు చోటు లేకపోతే ఏం చేయాలో ఆ పత్రంలో ఒక్క ముక్క లేదు. ఇంగ్లీషు రాతైతే రెండక్షరాలు కొట్టేసి ఆ జాగాలో చుక్కలు పెట్టేయవచ్చు. తెలుగు మాటను మధ్యలో కోస్తే ఒత్తులూ గుణింతాలూ చెదిరి, మిగిలింది మాటలా ఉండదు. అందుకని మాట మొత్తాన్నీ తీసేసి చుక్కలు పెట్టాలని ఇందీవర నిర్ణయించుకుంది. దానికోసం ఒక తెలుగు వాక్యంతో పరీక్ష రాసింది. మొత్తం అరవై మూడు పరీక్షల్లో అది నలభై ఒకటోది. అది రాసి మూడు వారాలయింది. అప్పటినుంచీ అది ఇంటి పెట్టెలోనే ఉంది.

ఆ నిబంధన అమర్చిన తమ బ్రౌజర్ విడుదల సోమవారం. అంతకు ముందు శుక్రవారం పొద్దున పదిన్నరకు, వీధి పెట్టెలోకి వెళ్లవలసిన పరీక్షల జాబితా ఏదీ అని మాస్టారు అడిగారు. ఇందీవర జాబితా ఇవ్వలేదు. ప్రశ్న అడిగింది.

"ఒక్క మాటండీ మాస్టారూ, కోప్పడకండి. మన పరీక్షలు వాళ్లకెందుకివ్వాలి? ఆరు వారాలు కళ్లు పోగొట్టుకుని రాశాను. ఇచ్చేస్తే వాళ్లు కూర్చున్న చోటే దిద్దేసుకుంటారు. పరీక్ష రాసేవాళ్లకి పేపరు ముందే లీక్ చేసినట్టు కాదా ఇది?"

పక్క టేబుల్ దగ్గర నజీర్ కుర్చీ తిప్పి చూశాడు. "అడిగేశావా! ఇవాళ నీ లంచ్ బాక్స్ నాకే."

మాస్టారు కాసేపు రోడ్డు వంక చూశారు. "వాళ్ల బ్రౌజర్‌లో మనవి ఎప్పుడైనా నడిపి చూశావా?"

"వాళ్ల గొడవ నాకెందుకండీ?"

"ఒక్కటి నడుపు. అన్నిట్లోకీ నీకు నచ్చినది."

నచ్చినది ఏదో ఆలోచించాల్సిన పని ఆమెకు లేదు. అయితే దాన్ని నడపడానికి వేరే కంపెనీ బ్రౌజర్ ఉన్న ఫోన్ కావాలి. ఆఫీసులో అందరూ తమ బ్రౌజరే వాడాలని రూలు. ఆ రూలు వర్తించని మనిషి ఒక్కరే ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఆవిడ టీ ట్రేతో లోపలికి వచ్చింది.

దానమ్మకు యాభై రెండేళ్లు. ఆఫీసు తెరవడం, ఊడవడం, రెండు పూటలా టీ పెట్టడం ఆవిడ పని. ఏడాదిగా కీళ్లు పట్టేసి, మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటోంది. కిందటి సోమవారం ఒక క్లినిక్‌కు వెళ్లి చూపించుకుంది. వాళ్లు మందుల చీటీని ఫోన్‌కే పంపిస్తారు, అదీ తెలుగులో. అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయని ఆ సాయంత్రం ఇందీవర చేతికిచ్చి చదివించుకుంది. ఇందీవర నిలబడే చదివి చెప్పింది: ఆరు మాత్రలు, ఉదయం టిఫిన్ చేశాక, మంచినీళ్లతో మింగాలి. దానమ్మ రెండుసార్లు అప్పజెప్పి, "గుర్తుంటుందిలెండి" అని వెళ్లిపోయింది.

ఇవాళ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏంటి దానమ్మగారూ, మాతో మాట్లాడటం మానేశారా?" అన్నాడు నజీర్.

"నోరంతా పొక్కిపోయిందండీ బాబూ. పచ్చడి మెతుకు ముట్టలేకపోతున్నాను. టీలో పంచదార మీరే చూసుకోండి. నా నాలిక్కి ఇవాళ సెలవు."

ఫోన్ అడగగానే ఇచ్చేసింది. ఇందీవర నలభై ఒకటో పరీక్షను అందులో తెరిచింది. ఎర్ర గుర్తు పడింది. ఆమె గట్టిగా నవ్వింది. "చూడండి మాస్టారూ! వీళ్లు ఈ నిబంధన అమర్చి, పదకొండు రోజుల కిందట ఊరూవాడా చాటింపు వేసి మరీ విడుదల చేశారు. చోటు లేదని చుక్కలు పెట్టడమే మానేశారు."

మాస్టారు నవ్వలేదు. "ఏం కనబడుతోంది?"

"మూడు వరసలు. మూడోది అంచుదాకా ఉంది. వాక్యం పూర్తయినట్టే ఉంది."

"కింద ఇంకో వరస ఉందని నీకెలా తెలిసింది?"

"నేనే కదండీ రాశాను."

ఆ మాట అనేసి ఆమె ఫోన్‌లో వెనక్కి వెళ్లే గుర్తు నొక్కింది. పరీక్ష పోయి, దానికి ముందు తెరిచి ఉన్న పేజీ వచ్చింది. సోమవారం నుంచీ మూయకుండా ఉంచిన దానమ్మ మందుల చీటీ అది. గడిలో మూడు వరసలున్నాయి. ఆరు మాత్రలు. ఉదయం టిఫిన్ తర్వాత. మంచినీళ్లతో మింగవలెను. మూడో వరస గడి అంచును తాకుతోంది. చివర చుక్క పెట్టి వాక్యం ముగిసి ఉంది. సోమవారం సాయంత్రం ఆమె చదివింది దీన్నే. ఇందులో అనుమానించడానికి అప్పుడు ఏమీ కనబడలేదు, ఇప్పుడూ కనబడటం లేదు. ఆమెను భయపెట్టింది అదే. ఇప్పుడే పక్క పేజీలో చూసి నవ్విన గడి కూడా అచ్చం ఇలాగే ఉంది.

వేలు గడి మీదకి తీసుకెళ్లింది గానీ వెంటనే నొక్కలేకపోయింది. నొక్కితే తెరుచుకోవడానికి కింద ఏమీ ఉండకూడదని ఒక్క క్షణం కోరుకుంది. తర్వాత నొక్కింది. గడి కిందికి సాగింది. నాలుగో వరస బయటపడింది.

వారానికి ఒకేసారి. మంగళవారం మాత్రమే.

"దానమ్మగారూ." ఇందీవర ఫోన్ మీదనుంచి తలెత్తింది. "ఆ మాత్రలు ఎన్నిసార్లు వేసుకున్నారు?"

"మీరు చదివినట్టేనండి. మంగళవారం మొదలెట్టమన్నారు కదా డాక్టరుగారు, అప్పట్నించీ రోజూ ఆరు. ఇవాళ్టితో అయిపోయాయి కూడాను. నెలకు సరిపడా అని చెప్పి నాలుగు రోజులకే ఇచ్చాడండీ ఆ మందుల కొట్టాయన. సాయంత్రం వెళ్లి దులిపేస్తాను చూడండి."

ఇందీవర ఫోన్‌ను మాస్టారి వైపు తిప్పి నాలుగో వరస చూపించింది. నజీర్ లేచి కారు తాళాలు తీసుకున్నాడు. మాస్టారు దానమ్మ చేతిలోని ట్రే అందుకుని టేబుల్ మీద పెట్టారు. "రండి దానమ్మగారూ, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ఇప్పుడా? పొయ్యి మీద పాలున్నాయండీ!"

పాల కింద పొయ్యి కట్టేసింది మాస్టారే.

పెద్దాసుపత్రికి కారులో పన్నెండు నిమిషాలు పట్టింది. ఇందీవర వెనక సీట్లో దానమ్మ పక్కన కూర్చుంది. మంగళ, బుధ, గురు, శుక్ర అని మనసులో లెక్కపెట్టుకుంటూనే ఉంది. లెక్క ప్రతిసారీ నాలుగే వచ్చింది. దానమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ, తనను ఇంత హడావుడిగా తీసుకెళ్తున్నందుకు కొంచెం సిగ్గుపడుతూ, "నోటిపూతకి ఆసుపత్రేంటండీ, కాస్త తేనె రాస్తే పోతుంది" అంటోంది. ఆవిడ చేయి ఇందీవర చేతిలో ఉంది. వేడిగా ఉంది. జ్వరమో, ఇప్పటిదాకా పొయ్యి దగ్గర ఉన్నందువల్లో తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

డ్యూటీ డాక్టరు నడివయసు ఆవిడ. ఫోన్‌లో చీటీ చూసి, మందు పేరు చదివి, కనుబొమలు ముడిచింది. "దీన్ని రోజూ వాడమని రాయరే! ఎవరు చదివి చెప్పారు ఈవిడకి?"

"నేనేనండి," అంది ఇందీవర.

"చదువుకున్నదానిలా ఉన్నావు. వారానికని ఉంటుంది, చూసుకోవద్దూ?" అంటూ ఆవిడ మళ్లీ చీటీ చూసింది. ఈసారి కొంచెం ఎక్కువసేపే చూసింది. "ఇక్కడ లేదే."

ఇందీవర గడి నొక్కి చూపించింది. డాక్టరు నర్సును పిలిచి రక్తం తీయించింది, విరుగుడు ఇంజెక్షన్ రాసింది. దానమ్మను మంచం మీదికి ఎక్కించాక బయటికి వచ్చి వరండాలో చెప్పింది. "కొత్త కణాలు పుట్టకుండా ఆపే మందు ఇది. వారానికోసారి వేసుకుంటే కీళ్లకు పనిచేస్తుంది. రోజూ వేసుకుంటే నోటితో మొదలవుతుంది. తర్వాత రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. అవి లేకపోతే మామూలు దగ్గు కూడా మనిషిని తీసుకుపోగలదు. విరుగుడు ఇచ్చాం. కాస్త ఆలస్యమైంది, అయినా ఇచ్చాం. కౌంట్ ఎక్కడిదాకా పడుతుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఈ వారమంతా ఎవరూ ఆవిడ దగ్గరికి మాస్క్ లేకుండా వెళ్లకండి."

"ఆగుతుందాండీ?" అని అడిగింది ఇందీవర.

"ఆగాలి," అంది డాక్టరు.

వరండాలో ఇనుప బెంచీ మీద మాస్టారు, ఇందీవర కూర్చున్నారు. ఆమె లాప్‌టాప్ తెరిచింది. ఇంటి పెట్టెలోని అరవై మూడు పరీక్షలనూ ఒక్కటి మిగల్చకుండా వీధి పెట్టెలోకి పంపింది. నలభై ఒకటో దాని కింద జరిగినదంతా నాలుగు వాక్యాల్లో రాసింది. తర్వాత క్లినిక్‌కు ఫోన్ చేసింది. మొదట ఎత్తినాయన ఆమె చెప్పేది నమ్మలేదు. ఆమె చెప్పినట్టు రెండు వేరు వేరు ఫోన్లలో చీటీ తెరిచి చూశాక, "ఒక్క నిమిషమండీ" అని లైన్ కట్ చేశాడు. సాయంత్రానికి వాళ్లు ఆ మాత్రలు రాసిన ముప్పై ఒక్క మందికీ ఫోన్ చేశారు. తునిలో ఒకాయన రెండు రోజులుగా రోజూ వేసుకుంటున్నాడు. ఆయన్ను అక్కడి ఆసుపత్రిలో చేర్పించారు. మిగతావాళ్లు బాగానే ఉన్నారు.

మధ్యాహ్నం మూడింటికి ఆ బ్రౌజర్ కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఏ దేశంలోనో ఉన్న ఒక ఇంజనీరు రాశాడు. తమ భాషలో మాటను ఎక్కడైనా కోయవచ్చు కాబట్టి చోటు చాలని సందర్భం వస్తుందని తమలో ఎవరికీ తట్టలేదట. ఎర్ర గుర్తు చూసిన వెంటనే తప్పెక్కడుందో తెలిసిందట. దిద్దినది నాలుగు రోజుల్లో ఫోన్లన్నిటికీ చేరుతుందట. విడుదలకు ముందే ఈ పరీక్ష కనబడి ఉంటే అసలు విడుదలే చేసేవాళ్లం కాదని రాశాడు. అందులో నిష్ఠూరమేమీ లేదు. ఉన్న సంగతే రాశాడు. ఆ ఒక్క వాక్యాన్ని ఇందీవర చాలాసార్లు చదివింది. మూడు వారాల కిందట పంపి ఉంటే, వాళ్ల విడుదలకు ఇంకా పది రోజుల గడువుండేది.

శుక్రవారం దానమ్మ తెల్లకణాలు మూడువేల తొమ్మిదివందలు. శనివారం రెండువేల ఆరువందలు. ఆదివారం పద్నాలుగువందలు. ఆ రోజు జ్వరం నూటరెండు దాటింది. దానమ్మ కూతురు రాజమండ్రి నుంచి వచ్చి, మాస్క్ మీదుగా కళ్లు మాత్రమే కనబడుతూ గుమ్మం దగ్గర నిలబడింది. ఎలా జరిగిందని అడిగింది. ఇందీవర మొదటినుంచీ చెప్పింది. నవ్విన సంగతి కూడా దాచలేదు. ఆ పిల్ల విన్నదంతా విని, ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఇందీవరకు. సోమవారం కౌంట్ తొమ్మిదివందలకు పడింది. అదే రోజు ఆఫీసులో విడుదల జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారని నజీర్ ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడామె ల్యాబ్ కిటికీ దగ్గర, మర్నాటి పరీక్షకు రక్తం ఎన్నింటికి తీస్తారని అడుగుతోంది.

మాస్టారు రోజూ వచ్చేవారు. బెంచీ మీద ఓ మూల కూర్చునేవారు. బోధ చేయడానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు. ఆయన మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. ఇడ్లీ పొట్లం తెచ్చి పక్కన పెట్టేవారు. ఆమె తినకపోతే తనే విప్పి చేతికిచ్చేవారు. ఒకసారి ఆమే అంది: "మాస్టారూ, ఆ రోజు నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు." ఆయన "రిపోర్ట్ రానీ అమ్మా" అన్నారు.

మంగళవారం రిపోర్ట్‌లో పదకొండువందలు. డాక్టరు కాగితం రెండుసార్లు చూసి, పొరపాటేమో మళ్లీ తీయమంది. మళ్లీ తీసినా పదకొండువందలే. గురువారానికి రెండువేల మూడువందలు. జ్వరం దిగింది. దానమ్మ గంజి తాగింది, రెండో గ్లాసు కావాలంది. అప్పుడు లోపలికి వెళ్లనిచ్చారు.

ఇందీవర మంచం పక్కన నిలబడింది. ఆరు రోజులుగా వరండాలో కూర్చుని అనుకున్నదంతా వదిలేసి సూటిగా చెప్పింది. "దానమ్మగారూ, తప్పు నాదండీ. ఆ పేజీలో అలా అవుతుందని నాకు ముందే తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పకుండా నా దగ్గరే ఉంచుకున్నాను."

దానమ్మ ఆమె వంక చూసింది. మనిషి సగమైంది. కళ్లలో మాత్రం పాత హుషారు కొంచెం మిగిలి ఉంది. బ్రౌజర్ల గొడవ ఆవిడకు ఎక్కలేదు, ఎక్కించుకునే ఓపికా లేదు. తనకు అర్థమైనంత మేర తీర్పు చెప్పేసింది.

"పోనీలెండి అమ్మాయిగారూ, ఏడవకండి. మీరు కంగారు మనిషి, గబగబా చదివేస్తారు. ఈసారి చీటీ మాస్టారుగారి చేత చదివించుకుంటాను. ఆయనైతే నిదానంగా, అక్షరం అక్షరం చూసి చదువుతారు."

గుమ్మం దగ్గర నిలబడ్డ మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"నాకూ అంతవరకే కనబడేది, దానమ్మగారూ."